తొమ్మిదో టోకెన్

కిందటి వారం మైకమ్మని ప్రిన్సిపాల్ గది గుమ్మంలో, చేతిలో చీటీతో సహా నిలబెట్టి వదిలేశాం. మనం వారం రోజులు తిని, పడుకుని, లేచి, మన పనులు మనం చూసుకున్నాం గానీ పాపం ఆవిడకి మాత్రం ఆ గుమ్మంలో అరనిమిషమే గడిచింది. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని మళ్లీ అక్కడికే పోదాం.

మైకమ్మ ఆ కాలేజీలో ప్రకటనలు చదివే గుమాస్తా. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఉదయం తొమ్మిదింటికోసారి, మధ్యాహ్నం పన్నెండుంబావుకోసారి, నలభై ఒక్క స్పీకర్లలో ఆవిడ గొంతు పలుకుతుంది. లైబ్రరీ ఎప్పుడు మూస్తారు, మూడో నంబరు బస్సు ఎందుకు రాలేదు, ఎవరి గొడుగు ఎవరికి దొరికింది, ఉద్యోగుల కంటి పరీక్షలు ఏ రోజు, ఇవన్నీ ఆవిడ నోటి మీదుగానే జనానికి చేరాలి. పది రోజుల కిందట, అందరూ తలా ఒక బిస్కట్టు వేసి పెంచిన కాలేజీ కుక్క ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిదిమందిని కరిచింది. కాలేజీ ఆరోగ్య కేంద్రంలో తొమ్మిది టోకెన్లిచ్చి తొమ్మిదిమందికీ మొదటి ఇంజెక్షన్ వేశారు. నాలుగో రోజున ఆ కుక్క జనరేటర్ షెడ్డు వెనక చచ్చి పడి ఉంది. మొన్న పరీక్ష కాగితం వచ్చింది. కుక్కకి పిచ్చేనట. ఎనిమిదిమంది వేళ తప్పకుండా వచ్చి మిగతా ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. తొమ్మిదో టోకెన్ మనిషి మొదటిదానికి వచ్చిన మనిషే, మళ్లీ జాడ లేదు. ఒక్క ఇంజెక్షన్‌తో ఆగిపోతే వేయించుకోనట్టేనని డాక్టరుగారు మొత్తుకుంటున్నారు. ఆ తొమ్మిదో మనిషెవరో ఆయనకీ తెలియదు.

ఇదీ సంగతి. ఇక గుమ్మంలోకి రండి.

"కూర్చోండమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్.

మైకమ్మ కూర్చోలేదు. చీటీ ఆయన బల్ల మీద పెట్టి, ఆకుపచ్చ ముద్ర ఉన్న డబ్బా ఆయన చేతి దగ్గరికి జరిపింది. ఆ ముద్ర పడని చీటీ ఆ కాలేజీలో ఎవరూ చదవరు. పద్నాలుగేళ్లలో ఆవిడా ఏనాడూ చదవలేదు.

ఆయన చీటీ చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివాడు.

"ఇందులో పిచ్చికుక్క అని ఉంది."

"కరిచింది అదే కదండీ."

"ప్రాణాలు పోతాయి అని కూడా ఉంది."

"పోతాయి కాబట్టే రాశాను సార్."

ఆయన వేలెత్తి పైకప్పు వైపు చూపించాడు. సరిగ్గా ఆ పైగదిలోనే తనిఖీకి వచ్చిన అయిదుగురు పెద్దలు ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నారు. కాలేజీకి ఏ గ్రేడు ఇవ్వాలో తేల్చేది వాళ్లే. ఆ గదిలోనూ ఒక స్పీకరుంది. "పైన వాళ్లు మన ఆరోగ్య సేవల గురించే అడుగుతున్నారమ్మా ఇప్పుడు. మీరు కింద నుంచి పిచ్చికుక్క, పిచ్చికుక్క అని అరిస్తే నేనేం మొహం పెట్టుకుని పైకెళ్లాలి? ఎల్లుండి వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత మీ ఇష్టం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదువుకోండి. అంతవరకూ ఆ పాత చీటీయే చదవండి. 'తొమ్మిదో టోకెన్ గలవారు ఆరోగ్య కేంద్రానికి రావలెను.' బాగానే ఉంది కదా."

"రెండ్రోజుల్నుంచి నాలుగుసార్లు చదివాను. పురుగు కూడా రాలేదు. టోకెన్ అంటే ప్లాస్టిక్ బిళ్ల సార్. లోపలికెళ్లేటప్పుడు ఇస్తారు, బయటికొచ్చేటప్పుడు బుట్టలో పడేసి వస్తారు. పది రోజుల కిందట బుట్టలో పడేసిన బిళ్ల మీద ఏ అంకె ఉందో మీకైతే గుర్తుంటుందా? ఆ మనిషి ఈ చీటీ విని కూడా, ఎవరినో పిలుస్తున్నార్లే అని వెళ్లిపోతుండొచ్చు."

"అయితే పేరే చదవండి."

"పేరు లేదు. రిజిస్టర్లో పేరు రాయరు."

"ఎందుకు రాయరు?"

ఆయన అడిగిన తీరులోనే తెలిసిపోయింది, జవాబు దగ్గర పెట్టుకునే అడుగుతున్నాడని. సొరుగు లాగి ఒక పాత కాగితం తీసి ఆవిడ ముందు పరిచాడు. ఆరోగ్య కేంద్రానికి సంబంధించిన ఏ ప్రకటనలోనూ పేరు గానీ, జబ్బు గానీ, కారణం గానీ చదవరాదు; కేంద్రం రిజిస్టర్లో టోకెన్ అంకె, కాలేజీ కార్డు చూసినట్టు ఒక టిక్కు తప్ప మరేమీ ఉండరాదు. కింద సంతకం. చేతిరాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. ఆ చేతిరాత మైకమ్మదే.

ఆరేళ్ల కిందటి మాట అది. ఒక ఆడపిల్ల పేరు చదివి, రక్తపరీక్ష ఫలితం తీసుకోవడానికి రమ్మని మైకులో పిలిచింది. ఆ పిల్లకున్నది రక్తహీనత. సాయంత్రానికల్లా జనం ఆ పిల్లకి కడుపు చేసి, నెలలు లెక్కపెట్టేశారు. పది రోజుల్లో ఆ పిల్ల చదువు మానేసి వెళ్లిపోయింది. మైకమ్మకి నెల రోజులు ముద్ద గొంతు దిగలేదు. కూర్చుని ఆ నియమం రాసింది, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ముద్ర వేయించింది. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క మంచిపని అదేనని ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఇప్పుడది ఆవిడ మెడకే చుట్టుకుంది.

"మీరు పెట్టిన నియమమే అమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్, కోపం లేకుండానే.

"నేనే పెట్టాను. తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. మీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ముద్ర వెయ్యండి సార్. ఆ మనిషి ఇంకా మూడు ఇంజెక్షన్లు వేయించుకోవాలి. వాటిలో రెండింటికి రోజులు దాటిపోయాయి."

"వెయ్యను."

"ఎల్లుండికి ఆ మనిషికేమైనా అయితే?"

"ఏమీ కాదు. ఎక్కడో ఇంకో ఆస్పత్రిలో వేయించుకుంటూ ఉంటారు. మీరే లేనిపోనిది ఊహించుకుని బెంబేలు పడుతున్నారు." ఆయన చీటీ మడిచి వెనక్కిచ్చాడు. గొంతు తగ్గించాడు. "ముద్ర లేకుండా చదివారో, ఆ గది తాళాలు సాయంత్రం నా బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపొండి. మళ్లీ రావక్కర్లేదు."

మైకమ్మ చీటీ తీసుకుని బయటికొచ్చింది. మెట్లు దిగింది. మొగుడు పోయాక, తల్లి పోయాక, ఆవిడకంటూ మిగిలింది ఆ గదీ ఆ గొంతూనే. అది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలియదు. ఆ సంగతి ఆలోచించుకుంటూనే గది తలుపు తీసి లోపలికెళ్లి, గడియ పెట్టుకుంది.

ఆ గదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. బల్ల మీద మైకు, దానికి ఎన్నోసార్లు ఉతికి రంగు పోయిన స్పాంజి తొడుగు, పక్కన ఎర్ర బటను. ఆ రోజు చదవాల్సినవి ఏడు చీటీలున్నాయి, ఏడింటికీ ఆకుపచ్చ ముద్ర ఉంది. వర్క్‌షాపులో యంత్రాలు పన్నెండూ పదికి ఆపుతారు, అప్పటిదాకా అక్కడ మైకు వినపడదు. అందుకే మధ్యాహ్నం ప్రకటన ఎప్పుడూ పన్నెండుంబావుకే. గోడ గడియారం చూసుకుంది. ఏడు చీటీలూ పక్కకి నెట్టింది. బటను నొక్కింది.

"అందరూ ఒక్క నిమిషం చేస్తున్న పని ఆపి వినండి. నేను మైకమ్మని." ఆ పేరుతో ఆవిడ మైకులో మాట్లాడటం అదే మొదలు. "పది రోజుల కిందట మన కుక్క కరిచింది కదా, ఆ కుక్కకి పిచ్చి ఉందని తేలింది. తొమ్మిదిమంది మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నారు. మీలో ఒకరు మళ్లీ రాలేదు. ఒక్కటి వేయించుకుని ఊరుకుంటే లాభం లేదు. మిగతావి వేయించుకోకపోతే ప్రాణం పోతుంది. దెబ్బ మానిపోయిందని ఊరుకోవద్దు. మీరు విద్యార్థి కావచ్చు, ఉద్యోగి కావచ్చు, ఇద్దరూ కాకపోవచ్చు. మీ పేరు అడగరు, కార్డు అడగరు, ఎందుకు రాలేదని అడగరు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకురండి. దణ్ణం పెడతాను, రండి."

అలవాటు కొద్దీ రెండోసారి కూడా చదివింది.

బటను మీంచి వేలు తీసింది. ఆ వెంటనే పైన కుర్చీలు జరిగిన చప్పుడు, వరండాలో పరుగులు. టెలిఫోన్ మోగింది. ఎవరో ఆవిడకి తెలుసు. రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. ప్రిన్సిపాల్ గొంతు అందులోంచి సన్నగా కీచుమని, ఆగిపోయింది.

తలుపు దబదబా బాదారు. ప్రిన్సిపాల్ ఇంత తొందరగా దిగొచ్చాడా అనుకుంటూ గడియ తీసింది. గుమ్మంలో ఆరోగ్య కేంద్రం నర్సు నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా ఉండే అమ్మాయి, ఉద్యోగంలో చేరి అయిదు నెలలు. ఆరో నెల గడిస్తే గానీ ఉద్యోగం ఖాయం కాదు. పరిగెత్తుకొచ్చిందేమో, ఊపిరాడటం లేదు. కళ్లు మాత్రం ఎప్పటినుంచో ఏడుస్తున్నట్టు వాచి ఉన్నాయి.

"ఎవరైనా వచ్చారా?" అంది మైకమ్మ, గంపెడాశతో.

నర్సు తల అడ్డంగా ఊపింది. "ఎవరూ రారండీ. మీరు ఎన్నిసార్లు చదివినా రారు. ఆ తొమ్మిదో టోకెన్ మన కాలేజీలో లేదు."

"లేకపోవడమేమిటి? కార్డు చూసినట్టు టిక్కు ఉందిగా?"

"ఆ టిక్కు నేనే పెట్టాను. కార్డు లేకుండా పెట్టాను." నర్సు తలుపుకి జారగిలబడింది. "బయటివాళ్లకి వెయ్యకూడదు కదండీ. తెలిస్తే నన్ను ఆ రోజే పంపించేస్తారు. కానీ చిన్నపిల్లండీ. ఆరేళ్లుంటాయి. పిక్క మీద రెండు పళ్లు దిగాయి. వాళ్లమ్మ చంకనేసుకుని వచ్చింది, చివర్లో. ఎలా పొమ్మంటాను చెప్పండి? ఒకటి చాలదు, మళ్లీ రావాలని చెప్పాను. వస్తానంది. రాలేదు. మొన్న ఆ కాగితం వచ్చినప్పట్నుంచి పొద్దున్నా సాయంత్రం గేటు దగ్గర నిలబడుతున్నాను, ఎక్కడైనా కనిపిస్తారేమోనని."

"అడ్రసు తీసుకోలేదా? పేరైనా?"

"పేరు చెప్పలేదు." నర్సు ఆవిడ మొహంలోకి చూడలేక మైకు వైపు చూస్తూ మాట్లాడింది. "మైకమ్మగారి చెల్లెల్ని అని మాత్రం చెప్పింది. ఆ మాట మీదే వేశానండీ. వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకుంది. 'మా అక్కకి మాత్రం చెప్పకమ్మా, నేను తన పేరు వాడుకున్నానని తెలిస్తే ఇంకా దూరమైపోతుంది' అని ఒట్టు వేయించుకుంది. నా ఉద్యోగం భయం ఒకటి, ఆ ఒట్టొకటి. నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఇందాక మీరు 'ఇద్దరూ కాకపోవచ్చు' అన్నారు చూడండి, ఇక నావల్ల కాలేదు."

మైకమ్మ బల్ల అంచు పట్టుకుంది.

చెల్లెలితో మాటలు లేక నాలుగేళ్లు. తల్లి మంచాన పడ్డ రెండేళ్లూ అన్నీ ఎత్తిపోసింది మైకమ్మే. ఆపరేషన్ వద్దు, ఈ వయసులో తట్టుకోలేదు అని తేల్చిందీ తనే. చివరిరోజుకి వచ్చిన చెల్లెలు నలుగురిలో నిలబడి, "అమ్మని నువ్వే చంపావు," అంది. అంతే. ఆ మాటకి మైకమ్మ ఆ రోజే తలుపు మూసేసింది.

పది రోజుల కిందట మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు, మీ చెల్లెలంట, పాపని తీసుకొచ్చారు అని. పనిలో ఉన్నాను, కుదరదు అని పెట్టేసింది. వాళ్లు అటే తిరిగి వెళుతూ ఉంటేనన్నమాట, ఆ కుక్క. మూడు రోజులు పోయాక వాచ్‌మన్ మళ్లీ చేశాడు. మైకమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "నాకు చెల్లెల్లేదు, పంపెయ్యి," అంది. రెండో ఇంజెక్షన్ వెయ్యాల్సింది సరిగ్గా ఆ రోజే.

"నేనే," అంది మైకమ్మ. "రాకపోవడం కాదు, నేనే పొమ్మన్నాను." రెండు చేతులా తల పట్టుకుని, అంతలోనే వదిలేసి, సంచీ అందుకుంది. "అది ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలుసు. నడువు."

వెళ్లేటప్పుడు తాళాలు బల్ల మీదే పడేసింది. తలుపు కూడా వెయ్యలేదు.

బస్సుల డిపో వెనక సందులో పెద్ద లాండ్రీ ఉంది. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఆటోలో ఆ పావుగంటా నర్సు ఏదో చెబుతూనే ఉంది, ఇప్పుడైనా మించిపోలేదని, మొదటిది పడింది కాబట్టి మిగతావి మొదలుపెట్టేయొచ్చని. మైకమ్మ ఊఁ కొట్టింది గానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. ముందు సీటు ఇనుప కడ్డీని పట్టుకున్న వేళ్లు దిగేదాకా వదల్లేదు.

లోపల ఆవిరి. పొడుగాటి బల్లలు, ఒక్కో బల్లకి ఒక్కో మనిషి, పక్కనే తోపుడుబళ్లలో తడి దుప్పట్ల గుట్టలు. చివరి బల్ల దగ్గర చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది. చిక్కిపోయింది. ఆ ఉడుకులో కూడా మణికట్ల దాకా చేతులున్న చొక్కా తొడుక్కుంది. పక్కన దుప్పట్ల మూట మీద పాప కూర్చుని తలగడ గలీబుల అంచులు కలుపుతోంది. కాలికి కట్టేమీ లేదు. మొహం కళకళలాడుతోంది. ఆ మొహం చూశాక మైకమ్మకి ఊపిరి ఆడింది.

చెల్లెలు తలెత్తి చూసింది. ఒక్క క్షణం నమ్మలేదు. నమ్మాక మళ్లీ తల దించుకుని ఇస్త్రీ పెట్టె నడిపింది.

"ఏంటి, మైకు పాడైందా? తీరిక దొరికినట్టుంది."

"పాపకి ఇంజెక్షన్లు వేయించాలి. ఇప్పుడే, ఉన్నపళంగా రావాలి. ఆ కుక్కకి పిచ్చేనే. కాగితం వచ్చింది."

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. దుప్పటి కమురు వాసన వచ్చేదాకా చెల్లెలు దాన్ని ఎత్తలేదు. నర్సే చెయ్యి చాపి పక్కన పెట్టింది.

"మూడో రోజు వచ్చాను," అంది చెల్లెలు. "దీన్ని ఎత్తుకుని మీ గేటు ముందు గంటసేపు నిలబడ్డాను. నీ మాటేదో మీ వాచ్‌మన్ నా చెవిన వేశాడు. 'ఆవిడకి చెల్లెల్లేదటమ్మా' అన్నాడు. జాలిగానే అన్నాడులే పాపం."

"ఇంజెక్షన్ కోసం వచ్చానని చెప్పొచ్చుగా! వాడికి చెబితే వాడైనా—"

"చెల్లెలే లేదన్నాక ఇంకేం చెప్పను? ఎవరి పేరు చెప్పి లోపలికి రాను? మొదటిరోజు నీ పేరే వాడుకున్నాను. రెండోసారి మొహం చెల్లలేదు." చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండానే మాట్లాడింది. "దెబ్బ మానిపోయింది. అందరూ ముద్దుచేసే కుక్కేగా, ఏదో ఎండకి చిరాకేసి కరిచి ఉంటుందిలే అనుకున్నాను. సెలవు పెడితే ఇక్కడ ఊరుకోరు. అలా రోజులు గడిచిపోయాయి."

మైకమ్మ ఆ బల్ల పక్కనే, తడి నేల మీద చతికిలబడిపోయింది. "తప్పైపోయిందే. నువ్వన్న ఆ మాట పట్టుకుని నాలుగేళ్లు వేలాడాను. నీ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను. నన్ను కొట్టు. తిట్టు. కానీ ముందు లేచి రా."

"కడుపుమంటతో అన్నానక్కా. అమ్మ పోయిందని అన్నాను. నిన్ను కాకపోతే ఎవర్ని అంటాను?"

మూట మీంచి పాప దిగొచ్చి, ఈ కొత్త మనిషిని ఎగాదిగా చూసింది. "మైకులో మాట్లాడే పెద్దమ్మ నువ్వేనా? మా అమ్మ నీ గొంతు వినిపించడానికే ఆ రోజు తీసుకొచ్చింది. మీ గోడ బయటకి బాగా వినిపిస్తుంది."

మైకమ్మ పాపని లాక్కుని గుండెకి హత్తుకుంది. ఇప్పుడెందుకు ఏడుస్తున్నావని పాప అడిగింది. ఆలస్యం చెయ్యొద్దని నర్సు తొందరపెట్టింది. చెల్లెలు ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేసి, పాప చెప్పుల కోసం వంగింది. వంగినప్పుడు కుడిచేతి చొక్కా అంచు పైకి జరిగింది. మణికట్టు మీద, బొటనవేలి కిందుగా, ఎర్రగా మానిన రెండు గాట్లున్నాయి.

"అదేమిటి?" అంది మైకమ్మ.

చెల్లెలు చటుక్కున చొక్కా కిందికి లాక్కుంది. "ఏం లేదు. పాపని లాగబోతే నాకూ తగిలింది."

"మీకూ కరిచిందా!" నర్సు గొంతు కీచుగా వచ్చింది. "ఆ రోజు ఒక్క ముక్క చెప్పలేదేంటండీ? పాప కాలు చూపించారు గానీ..."

"ఇంజెక్షన్ ఒక్కటే మిగిలిందన్నావుగా నువ్వు. ఉన్నది ఒక్కటే అయినప్పుడు నాక్కూడా కరిచిందంటే చెరిసగం వేస్తావేమోనని భయమేసింది. దానికే నిండుగా పడాలనుకున్నాను." చెల్లెలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మూడో రోజున ఇద్దరికీ అడుగుదామనే వచ్చాను."

అంటే తొమ్మిది కాదు. పదిమంది. పదో మనిషికి టోకెన్ లేదు, టిక్కు లేదు, ఈ పది రోజుల్లో ఒంట్లోకి ఒక్క చుక్క మందు పోలేదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది నర్సు. చాలా మెల్లగా అడిగింది.

"అబ్బే, నొప్పి లేదు. నిన్నటినుంచి చీమలు పాకినట్టు ఒకటే జిల. మోచెయ్యి దాకా తిమ్మిరి. అందుకే ఎడమచేత్తో చేస్తున్నాను పని. ఇస్త్రీ పెట్టె బరువుకి పట్టేసిందేమో."

నర్సు ఫోన్ తీసి నాలుగడుగులు పక్కకి వెళ్లి డాక్టరుగారికి చేసింది. మైకమ్మ పాపని చంకనేసుకుని నర్సు పెదవులనే చూస్తోంది. నర్సు చెబుతోంది. ఆగింది. "పది రోజులండీ," అంది. మళ్లీ ఆగింది. "అవునండీ, కరిచిన చెయ్యే." ఆ తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. వింటున్నకొద్దీ ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది.

ఫోన్ చేత్తో మూసి, మైకమ్మ దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "ఆ జబ్బు ఇంత తొందరగా రాకూడదంటున్నారు. కాకపోవచ్చు, పని వల్లే కావచ్చంటున్నారు. పెద్దాస్పత్రికి ఇప్పుడే కబురు పెడతానన్నారు. ఈలోగా మంచినీళ్లిచ్చి చూడమన్నారండీ. తాగుతారో లేదో చూసి చెప్పాలి. ఆయన లైన్లోనే ఉన్నారు."

మైకమ్మకి అర్థమైంది. ఆ జబ్బొస్తే నీళ్లు గొంతు దిగవని ఆవిడా విన్నదే. పాపని కిందికి దించింది. గోడ వారగా కుళాయి, దాని మీద స్టీలు గ్లాసు ఉన్నాయి. గ్లాసు కడిగి, నిండా పట్టి, రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. దారి పొడుగునా నీళ్లు ఒలికాయి.

చెల్లెలు పాప చెప్పుల పట్టీ పెడుతూ తలెత్తింది. చేతిలో గ్లాసుతో నిలబడ్డ అక్కని చూసి, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఏంటక్కా, నాకు మర్యాదలా?"

"తాగవే. ఒక్క గుక్క తాగు. ఎండలో వెళ్లాలి కదా."

చెల్లెలు గ్లాసు అందుకోవడానికి ఎడమచెయ్యి చాపింది. ఆ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"వద్దక్కా," అంది. "పొద్దుట్నుంచీ ఎందుకో, నీళ్లు తాగబుద్ధి కావట్లేదు."